పనిరోజు రాత్రికి టాకో పాస్తా క్యాసరోల్: పొడిబారకుండా, ముద్దవకుండా

ఖీమా వేయించాలి, పాస్తా ఉడికించాలి, రెండూ కలిపి పైన చీజ్ చల్లి ఓవెన్‌లో పెట్టాలి. టాకో పాస్తా క్యాసరోల్ అంటే ఇంతే, ఇందులో చేయి తిరగాల్సిన పని ఏదీ లేదు. అయినా ఇది తరచూ చెడుతుంది. పాస్తా చిదిగిపోయి ముద్దగా వస్తుంది, లేదా సాస్ అంతా ఇంకిపోయి ఎండిన పాస్తా మీద అట్టలా చీజ్ మిగులుతుంది. రెండింటికీ కారణం ఒకటే, నీటి లెక్క తప్పడం. పొయ్యి మీద నుంచి దింపిన పాస్తా ఓవెన్‌లో కూడా ఉడుకుతూనే ఉంటుంది, చుట్టూ ఉన్న సాస్‌లోని నీటిని పీలుస్తూనే ఉంటుంది. అందుకే గిన్నె ఓవెన్‌లోకి వెళ్లేటప్పుడు పాస్తా కాస్త పచ్చిగా, సాస్ కాస్త పలుచగా ఉండాలి. అప్పుడు అది సరిగ్గా లేదనిపిస్తుంది. బయటికి వచ్చేసరికి సరిగ్గా ఉంటుంది.

పేర్ల సంగతి ముందే తేల్చుకుందాం. ఇక్కడ క్యాసరోల్ అంటే అన్నం, రొట్టెలు వేడిగా ఉంచే మూత డబ్బా కాదు. లోతైన బేకింగ్ గిన్నెలో అన్నీ కలిపి ఓవెన్‌లో వండే వంట. గిన్నెనూ వంటనూ ఒకే పేరుతో పిలుస్తారు. ఇక టాకో రుచి అంటే జీలకర్ర ముందుండి, వెల్లుల్లి, ఎండుమిరప, ఒరెగానో వెనక నడిచే రుచి. ఇది టెక్సాస్‌లోని మెక్సికన్ కుటుంబాల వంటల నుంచి పెరిగిన టెక్స్-మెక్స్ పద్ధతి. మెక్సికోలో మొక్కజొన్న రొట్టెలో చుట్టి తినే టాకోల రుచి వేరు. అలాగని పాస్తా మెక్సికోకు పరాయిదేం కాదు. సన్నని సేమియాను నూనెలో వేయించి, టమాటా, ఎండుమిరప రసంలో నీరంతా ఇంకేదాకా ఉడికించే సోపా సెకా దె ఫిదెయో అక్కడ ఇళ్లలో వండుకునేదే.

కావలసినవి

ఈ కొలతలు 23 × 33 సెంటీమీటర్ల గిన్నెకు, అంటే 9 × 13 అంగుళాల దానికి. లోతు కనీసం 5 సెంటీమీటర్లు ఉండాలి. ఆరుగురికి సరిపోతుంది. కప్పు అంటే 240 మిల్లీలీటర్లు, టేబుల్ స్పూన్ అంటే 15, టీస్పూన్ అంటే 5.

- పొట్టి పాస్తా 300 గ్రాములు (పెన్నె, ఫుసిల్లి, గవ్వల ఆకారం ఏదైనా)
- ఖీమా 500 గ్రాములు (బీఫ్, చికెన్, టర్కీ, మీరు తినేది)
- పెద్ద ఉల్లిపాయ 1, వెల్లుల్లి రెబ్బలు 4, క్యాప్సికం 1
- టమాటా సాల్సా 1 కప్పు (టమాటా, ఉల్లి, మిరపలతో చేసే పలుచటి పచ్చడి లాంటిది)
- టమాటా ప్యూరీ 1 కప్పు (చిక్కటి పేస్టు కాదు, పలుచటిది)
- పాస్తా వార్చిన గంజి 1 కప్పు, పక్కన ఇంకో అర కప్పు
- ఉడికిన బ్లాక్ బీన్స్ లేదా రాజ్మా 240 గ్రాములు (400 గ్రాముల డబ్బాలో నీళ్లు వంపేస్తే ఇంచుమించు ఇంతే వస్తాయి)
- మొక్కజొన్న గింజలు 1 కప్పు, ఫ్రోజెన్ అయినా సరే
- క్రీమ్ చీజ్ 100 గ్రాములు
- తురిమిన చీజ్ 200 గ్రాములు, సగం చెడ్డార్, సగం మాంటెరే జాక్ (సులువుగా కరిగే మెత్తటి చీజ్) లేదా మోజరెల్లా
- నూనె 1 టేబుల్ స్పూన్

పాస్తా ఆకారాన్ని చిన్న విషయంగా తీసేయకండి. ఫుసిల్లి మెలికల్లోనూ గవ్వల గుంటల్లోనూ ఖీమా ఇరుక్కుంటుంది, ప్రతి ముద్దలో రెండూ కలిసి నోట్లోకి వస్తాయి. గీతలున్న పెన్నె కూడా మంచిదే. స్పగెట్టీ వంటి పొడుగు రకాలు ఈ వంటకు పనికిరావు. బరువైన ఖీమా అడుక్కి జారిపోతుంది, పైన ఒట్టి పాస్తా మిగులుతుంది.

మసాలా: ఎక్కువమంది పొరపడేది ఇక్కడే

అమెరికన్ వంటకాల్లో చిల్లీ పౌడర్ ఒక టేబుల్ స్పూన్ అని రాసి ఉంటుంది. దాన్ని చూసి మన కారం పొడి టేబుల్ స్పూన్ వేస్తే నోరు మండిపోతుంది. వాళ్లు ఆ పేరుతో పిలిచేది ఒట్టి మిరపపొడి కాదు. ఎక్కువ ఘాటు లేని ఎండుమిరపకాయలకు జీలకర్ర, ఒరెగానో, వెల్లుల్లి కలిపిన పొడి. టెక్సాస్‌లోని న్యూ బ్రాన్‌ఫెల్స్‌లో విలియం గెబ్‌హార్ట్ అనే జర్మన్ వలసదారు 1890లలో ఇలాంటి పొడిని అమ్మకానికి తెచ్చాడు. అప్పటినుంచీ ఆ పేరు ఆ కలగలుపు పొడికే స్థిరపడింది. కాబట్టి వంటకంలో చిల్లీ పౌడర్ అని కనిపిస్తే అది ఒట్టి కారమా, కలిపిన పొడా అని ముందు చూసుకోవాలి.

ఇంట్లో కలుపుకోవాలంటే పై కొలతలకు ఇలా:

- జీలకర్ర పొడి 2 టీస్పూన్లు
- పాప్రికా 2 టీస్పూన్లు (లేదా రంగు బాగా వచ్చి ఘాటు తక్కువుండే మిరపపొడి)
- కారం పొడి 1 టీస్పూన్
- ఎండు ఒరెగానో 1 టీస్పూన్
- వెల్లుల్లి పొడి 1 టీస్పూన్, ఉల్లి పొడి 1 టీస్పూన్
- మిరియాల పొడి అర టీస్పూన్
- ఉప్పు 1 టీస్పూన్
- కార్న్‌ఫ్లోర్ 2 టీస్పూన్లు
- చక్కెర పావు టీస్పూన్

కార్న్‌ఫ్లోర్ ఎందుకని వదిలేయకండి. సాస్ ఖీమాకు అంటుకుని ఉండేది దానివల్లే. అది లేకపోతే నీరు ఒకపక్క, మాంసం ఒకపక్క విడిపోతాయి. చక్కెర తీపి కోసం కాదు, టమాటా పులుపును కాస్త తగ్గించడానికి. ఒరెగానోను నేరుగా చల్లకుండా అరచేతిలో వేసి నలపండి, వాసన అప్పుడే లేస్తుంది. మెక్సికన్ ఒరెగానో అని విడిగా దొరికితే అదే వాడండి. పేరు ఒకటే అయినా అది పిజ్జాల మీద చల్లే ఒరెగానో మొక్క కాదు, కుటుంబమే వేరు. దానికి కొంచెం నిమ్మజాతి వాసన ఉంటుంది, జీలకర్రతో బాగా కలుస్తుంది.

దుకాణంలో దొరికే టాకో సీజనింగ్ ప్యాకెట్ వాడితే ఇంకో లెక్క ఉంది. మామూలుగా 28 గ్రాముల ప్యాకెట్ అరకిలోకు కాస్త తక్కువ మాంసానికి సరిపోతుంది. ఆ మాంసాన్ని రొట్టెలో పెట్టుకుని తినేటప్పుడు ఆ లెక్క సరే. ఇక్కడ దానికి 300 గ్రాముల పాస్తా, బీన్స్, మొక్కజొన్న, చీజ్ తోడవుతాయి, రుచి పలుచబడిపోతుంది. క్యాసరోల్ చప్పగా ఉందంటే చాలాసార్లు ఇదే కారణం. అలాగని రెండో ప్యాకెట్ విప్పితే ఉప్పు మించిపోతుంది. ఒక ప్యాకెట్ వేసి, దానికి జీలకర్ర పొడి 1 టీస్పూన్, పాప్రికా 1 టీస్పూన్, వెల్లుల్లి పొడి అర టీస్పూన్ చేర్చండి. విడిగా ఉప్పు వేయకండి.

వండే వరుస

మొత్తం గంట పైచిలుకు పని. అందులో చివరి అరగంటకు పైగా ఓవెన్‌కూ గిన్నె కుదుటపడటానికీ పోతుంది, మీరు నిలబడక్కర్లేదు. టైమ్ కలిసిరావాలంటే పొయ్యి దగ్గరికి రాగానే మొదట పాస్తా నీళ్లు పెట్టండి, ఓవెన్‌ను 190 డిగ్రీల సెల్సియస్‌కు (375 ఫారెన్‌హీట్) తిప్పండి, ఆ తర్వాతే ఉల్లిపాయ కోయడం మొదలుపెట్టండి. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 170 చాలు.

పాస్తాకు 3 లీటర్ల నీళ్లు, ఒక టేబుల్ స్పూన్ ఉప్పు. మామూలుగా పాస్తాకు వేసేదానికన్నా ఇది తక్కువ. ఈ గంజిని తర్వాత సాస్‌లో పోస్తాం, సాల్సాలో, చీజ్‌లో, డబ్బా బీన్స్‌లో ఎలాగూ ఉప్పు ఉంటుంది. నీళ్లు తెర్లుతున్నప్పుడు పాస్తా వేసి మొదటి నిమిషం కలుపుతూ ఉండండి, ఒకదానికొకటి అంటుకునేది అప్పుడే. ప్యాకెట్ మీద రాసిన టైమ్ కన్నా 3 నిమిషాలు ముందే దింపేయాలి. ప్యాకెట్ 11 నిమిషాలంటే మీరు 8కే వార్చాలి. ఒకటి తీసి కొరికి చూడండి. పైన మెత్తబడి, నడుమ తెల్లటి చుక్కలా పలుకు కనిపించాలి. తినడానికి ఇంకా పనికిరాదు అనిపిస్తే సరిగ్గా ఉన్నట్టే. వార్చే ముందు ఒకటిన్నర కప్పు గంజి తీసి పెట్టుకోవడం మర్చిపోవద్దు. ఈ వంటలో అందరూ మర్చిపోయేది ఇదే, సింక్‌లోకి పోయాక తిరిగి రాదు. పాస్తాను చల్లటి నీళ్లతో కడగకండి. పైన ఉన్న పిండి పొర కొట్టుకుపోతే సాస్ పట్టదు. ఖీమా సిద్ధం కాకముందే పాస్తా వార్చాల్సి వస్తే ఒక చెంచా నూనె వేసి ఎగరేసి ఉంచండి, గడ్డకట్టదు.

పాస్తా ఉడుకుతుండగానే పక్క పొయ్యి మీద వెడల్పాటి పాన్ బాగా వేడి చేసి, నూనె వేసి ఖీమా పరవండి. పరిచాక రెండు మూడు నిమిషాలు కదపొద్దు. అడుగు ఎర్రబడాలి, రుచంతా ఆ ఎరుపులో ఉంది. వేసిన వెంటనే గరిటెతో తిప్పుతూ ఉంటే మాంసంలోని నీరు ఊరి, వేగాల్సింది కాస్తా ఉడికిపోయి బూడిద రంగుకు తిరుగుతుంది. పాన్ చిన్నదైతే ఖీమాను రెండు వాయిలుగా వేయించండి. ఎర్రబడ్డాక తిరగేసి చిన్న పలుకులుగా విడగొట్టండి. పెద్ద ఉండలు మిగిలితే పాస్తాతో కలవవు. కొవ్వు ఎక్కువున్న మాంసమైతే పాన్‌లో తేలిన నూనెను వంచేసి ఒక టేబుల్ స్పూన్ మాత్రం ఉంచండి. చికెన్ ఖీమాకు ఆ అవసరం రాదు, పైగా ఇంకో చెంచా నూనె అడుగుతుంది.

ఇప్పుడు ఉల్లిపాయ, క్యాప్సికం ముక్కలు వేసి నాలుగు నిమిషాలు, వెల్లుల్లి వేసి అర నిమిషం వేయించండి. మంట తగ్గించి మసాలా అంతా ఒకేసారి చల్లి కలపండి. ముప్పై నుంచి నలభై సెకన్లు మాత్రమే. జీలకర్ర, మిరప వాసనలు నీటిలో కన్నా నూనెలో బాగా దిగుతాయి. మసాలాను సాస్ పోశాక వేస్తే అదే కొలతకు సగం రుచే వస్తుంది, పచ్చి వాసన ఉండిపోతుంది. కానీ ఈ పొడులు ఇట్టే మాడతాయి, జీలకర్ర మాడితే చేదు వంటంతా పాకుతుంది, దాన్ని ఏదీ సరిచేయలేదు. అందుకే ప్యూరీ, సాల్సా చేతికందేలా పెట్టుకున్నాకే మసాలా వేయండి. వాసన రాగానే పోసేయడమే.

ప్యూరీ, సాల్సా, ఒక కప్పు గంజి పోసి, అడుగున అంటిన ఎర్రటి తరకలను గరిటెతో గీకి కలపండి. బీన్స్, మొక్కజొన్న వేసి ఐదు నిమిషాలు సన్న మంట మీద ఉడకనివ్వండి. స్టవ్ కట్టేసి, క్రీమ్ చీజ్‌ను చిన్న ముక్కలుగా చేసి వేసి కరిగేదాకా కలపండి. ఫ్రిజ్‌లోంచి తీసిన గడ్డను అలాగే మరిగే సాస్‌లో వేస్తే తెల్లటి పలుకులు తేలతాయి, ఎంత కలిపినా పోవు. వంట మొదలుపెట్టేటప్పుడే దాన్ని బయట పెట్టేస్తే ఈ ఇబ్బంది ఉండదు. క్రీమ్ చీజ్ బదులు సవర్ క్రీమ్ వాడాలనుకుంటే ఇప్పుడు కలపకండి. పుల్లటిది, కొవ్వు తక్కువది, ఓవెన్ వేడికి విరిగిపోతుంది. వడ్డించేటప్పుడు పైన వేసుకోవాలి.

ఇక పాస్తా, తురిమిన చీజ్‌లో 80 గ్రాములు వేసి కలపండి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చూడాలి. గరిటెను పాన్ మధ్యలో గీస్తే ఆ దారిలోకి సాస్ వెంటనే జారి రావాలి. దారి అలాగే నిలబడిందంటే పొడిగా ఉన్నట్టు. పక్కనున్న గంజిలోంచి పావు కప్పు చొప్పున పోయండి. జారే సాస్ చూసి ఎక్కువైందేమో అని భయపడకండి, పాస్తా తాగేస్తుంది. ఉప్పు కూడా ఇప్పుడే చూడాలి. పైన పడే చీజ్ ఉప్పగా ఉంటుంది కాబట్టి రవ్వంత తక్కువగా ఉన్నప్పుడే ఆపండి.

ఓవెన్‌లో

గిన్నెకు నూనె రాసి, కలిపినదంతా పోసి సమంగా సర్దండి. చాలా వంటకాలు ఇప్పుడే చీజ్ చల్లి ఫాయిల్ కప్పమంటాయి. అది మంచి పద్ధతి కాదు. కరిగిన చీజ్ ఫాయిల్‌కు అంటుకుని, తీసేటప్పుడు పై పొరంతా దానితోపాటే లేచిపోతుంది. చీజ్ లేకుండానే ఫాయిల్‌ను అంచుల చుట్టూ గట్టిగా బిగించి 15 నిమిషాలు మధ్య అరలో పెట్టండి. ఆవిరి లోపలే ఉండి పాస్తా పలుకు పోతుంది. తర్వాత ఫాయిల్ తీసి, మిగిలిన 120 గ్రాముల చీజ్ చల్లి ఇంకో 8 నుంచి 10 నిమిషాలు. ఫాయిల్ తీసేటప్పుడు మీకు దూరంగా ఉన్న అంచు నుంచి ఎత్తండి, ఆవిరి ముఖం మీదికి కొట్టదు.

అంచుల్లో సాస్ బుడగలు రావాలి, చీజ్ పూర్తిగా కరిగి అక్కడక్కడా గోధుమ మచ్చలు పడాలి. థర్మామీటర్ ఉంటే గిన్నె నడుమ గుచ్చి చూడండి, 74 డిగ్రీల సెల్సియస్ చూపిస్తే చాలు. పైన ఇంకాస్త ఎర్రగా కావాలంటే గ్రిల్ వేసి ఒకటి రెండు నిమిషాలు, ఓవెన్ ముందు నిలబడి చూస్తూ. గాజు గిన్నె అయితే ఈ పని వద్దు, పై నుంచి నేరుగా తగిలే వేడికి పగిలే ప్రమాదం ఉంది. లోహపు గిన్నెకే అది.

బయటికి తీశాక పది నిమిషాలు ముట్టుకోకండి. ఆకలి మీద ఇది కష్టమే కానీ, ఈ పది నిమిషాల్లోనే సాస్ చిక్కబడి చీజ్ కుదుటపడుతుంది. వెంటనే గరిటె పెడితే సాస్ అడుగున మడుగు కట్టి, చీజ్ ఒకే దుప్పటిలా లేచి వస్తుంది. ఆలోగా పైన వేసుకునేవి తరుక్కోవచ్చు: టమాటా, లెట్యూస్, కొత్తిమీర, అవకాడో, నిమ్మచెక్క, ఊరబెట్టిన హలపెన్యో మిరపకాయలు. వేడి వేడి, కొవ్వున్న వంట కాబట్టి చల్లగా, పుల్లగా ఏదో ఒకటి పక్కన తప్పకుండా ఉండాలి. ఏదీ లేకపోయినా నిమ్మరసం మాత్రం పిండండి. టోర్టిల్లా చిప్స్ నలిపి చల్లుకోవడం ఇష్టమైతే పళ్లెంలోకి వడ్డించాకే చల్లండి. ఓవెన్‌లోకి వెళ్లే ముందే వేస్తే అడుగువి నాని మెత్తబడతాయి, పైవి మాడతాయి.

చీజ్ గురించి కొంచెం

ప్యాకెట్‌లో తురిమి అమ్మే చీజ్‌కు పలుకులు అంటుకోకుండా బంగాళదుంప పిండి లాంటిదో, సెల్యులోజో కలుపుతారు. పైన చల్లడానికి అది ఫర్వాలేదు. సాస్‌లో కలిపే 80 గ్రాములు మాత్రం గడ్డ నుంచి అప్పటికప్పుడు తురుముకోండి, సాస్ నున్నగా వస్తుంది. బాగా పాతబడిన, ఘాటైన చెడ్డార్ ఒక్కటే వాడితే పైన నూనె తేలుతుంది. పాతబడేకొద్దీ చీజ్‌లోని ప్రొటీన్ అల్లిక బలహీనపడి, వేడి తగలగానే కొవ్వును పట్టి ఉంచలేదు. అందుకే రుచికి చెడ్డార్, సాగడానికి జాక్ లేదా మోజరెల్లా అని సగం సగం. మోజరెల్లా ఒక్కటే వేస్తే బాగా సాగుతుంది కానీ టాకో రుచికి కావలసిన ఉప్పదనం, పదును రావు.

మాంసం లేకుండా

సోయా గ్రాన్యూల్స్ 100 గ్రాములు ఉప్పు వేసిన వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, గట్టిగా పిండి ఖీమా స్థానంలో వేయండి. పిండకపోతే సోయా వాసన వదలదు, వేగదు కూడా. వీటిలో కొవ్వు దాదాపు ఉండదు కనుక నూనె మూడు టేబుల్ స్పూన్లకు పెంచాలి, లేకపోతే మసాలా రుచి ఎక్కడా దిగదు. సోయా వద్దనుకుంటే బీన్స్ రెట్టింపు చేసి, సన్నగా తరిగిన 250 గ్రాముల పుట్టగొడుగులను నీరంతా ఇగిరి ఎర్రబడేదాకా వేయించి కలపండి.

డబ్బా బీన్స్ కాకుండా ఎండు రాజ్మా వండుకునేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. రాత్రంతా నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు తెర్లేలా మరిగించి, ఆ తర్వాతే మెత్తబడేదాకా ఉడికించాలి. పచ్చి రాజ్మాలో కడుపును బాధించే లెక్టిన్ ఉంటుంది. సన్నటి వేడి మీద గంటలకొద్దీ ఉంచినా అది పోదు, మరగాల్సిందే. బీన్స్ పూర్తిగా మెత్తబడ్డాకే సాస్‌లో వేయండి. టమాటా పులుపులో పడ్డాక అవి ఇక ఉడకవు.

ఓవెన్ లేకపోతే, పాస్తా విడిగా వార్చే ఓపిక లేకపోతే

మూత ఉన్న మందపాటి వెడల్పు గిన్నె ఒకటి చాలు. ఖీమా, మసాలా వేయించడం దాకా అంతా పైన చెప్పినట్టే. తర్వాత సాల్సా, ప్యూరీతోపాటు 3 కప్పుల వేడినీళ్లు పోసి, పచ్చి పాస్తా 300 గ్రాములు అందులోనే వేయండి. మరుగు రాగానే మంట తగ్గించి మూత పెట్టి, మూడు నాలుగు నిమిషాలకోసారి అడుగు నుంచి కలుపుతూ, ప్యాకెట్ టైమ్ కన్నా రెండు మూడు నిమిషాలు ఎక్కువ ఉడికించండి. పులుపులో పాస్తా నెమ్మదిగా ఉడుకుతుంది, ఆ అదనపు నిమిషాలు అందుకే. కలపడం మానేస్తే పిండి దిగి అడుగంటుతుంది. చివర క్రీమ్ చీజ్, బీన్స్, మొక్కజొన్న కలిపి, పైన చీజ్ చల్లి, మంట ఆపి మూతపెట్టి ఐదు నిమిషాలు ఉంచితే కరుగుతుంది. పైన ఎర్రటి మచ్చలు రావు. మిగతా రుచిలో లోటేమీ ఉండదు, గిన్నెలు కూడా తక్కువ తోమాలి.

ఓవెన్ ఉన్నా పాస్తాను పచ్చిగానే పెట్టాలనుకుంటే గంజి బదులు రెండున్నర కప్పుల మరిగే నీళ్లు కలిపి, ఫాయిల్ సందు లేకుండా బిగించి, 200 డిగ్రీల దగ్గర 35 నిమిషాలు ఉంచండి. 20 నిమిషాలకు ఒకసారి తీసి కలిపి మళ్లీ కప్పాలి, పైకి తేలిన పాస్తా ఎండిపోకుండా. తర్వాతే చీజ్. టైమ్ ఏమీ కలిసిరాదు, నిలబడే పని మాత్రం తగ్గుతుంది.

తేడా వస్తే

నడుమ చల్లగా, అంచులు వేడిగా ఉంటే ఓవెన్ పూర్తిగా కాగకముందే పెట్టినట్టు. ఫాయిల్ కప్పి ఇంకో పది నిమిషాలు ఉంచండి. పొడిబారిందనిపిస్తే పైనుంచి నీళ్లు పోసి చీజ్ పొరను పాడు చేయకండి. గరిటెతో అంచు పక్కకు జరిపి, అర కప్పు వేడి గంజి అడుక్కి పోసి, మళ్లీ కప్పి ఐదు నిమిషాలు పెట్టండి. పలుచగా ఉంటే ఫాయిల్ లేకుండా ఐదారు నిమిషాలు పెంచి, పదిహేను నిమిషాలు ఆగితే చాలావరకు సర్దుకుంటుంది. ఫ్రోజెన్ మొక్కజొన్నను మంచుతోనే వేసినా, డబ్బా బీన్స్ నీళ్లు పూర్తిగా వంచకపోయినా ఇలా పలుచబడుతుంది. ఉప్పు ఎక్కువైతే సవర్ క్రీమ్, అవకాడో, ఉప్పు వేయని టమాటా ముక్కలు పైన వేసుకుని తినడమే మార్గం. పాస్తా ముద్దయితే మాత్రం చేయగలిగింది ఏమీ లేదు, తర్వాతిసారి ఇంకో నిమిషం ముందు వార్చండి.

ముందే చేసి పెట్టుకోవడం, మిగిలింది దాచుకోవడం

ముందురోజే సిద్ధం చేయాలంటే సాస్ ఒక డబ్బాలో, నూనె పట్టించిన పాస్తా ఇంకో డబ్బాలో విడిగా ఫ్రిజ్‌లో పెట్టండి. కలిపి ఉంచితే తెల్లారేసరికి పాస్తా సాస్ మొత్తం తాగేస్తుంది. మర్నాడు సాస్‌ను వేడిచేసి కలిపితే పై లెక్కే సరిపోతుంది. పక్కన ఉంచే గంజి బదులు వేడినీళ్లు వాడొచ్చు. కలిపి గిన్నెలో సర్దేసే ఉంచక తప్పకపోతే గంజి ఇంకో అర కప్పు పెంచి, ఓవెన్‌లో ఫాయిల్ కప్పి ఉంచే సమయాన్ని 30 నిమిషాలు చేయండి. ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు గిన్నెను కాగిన ఓవెన్‌లో పెట్టొద్దు. గిన్నె బయట మామూలు చల్లదనానికి వచ్చేదాకా ఆగాలి, లేదా మొదటే లోహపు గిన్నె వాడాలి.

మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి. లోతైన గిన్నెలో అలాగే పెడితే నడుమ చల్లబడటానికి చాలాసేపు పడుతుంది కాబట్టి చిన్న డబ్బాల్లోకి సర్దండి. మూడు నాలుగు రోజులు బాగుంటుంది. వేడిచేసేటప్పుడు ఒక్కొక్కరి వంతుకు టేబుల్ స్పూన్ నీళ్లు చిలకరించి, మూతపెట్టి మైక్రోవేవ్‌లో సగం పవర్ మీద, మధ్యలో ఒకసారి కలిపి, లోపలిదాకా పొగలొచ్చేలా కాచండి. ఫుల్ పవర్ పెడితే చీజ్ నుంచి నూనె విడిపోతుంది.

ఫ్రీజర్‌లో పెట్టాలంటే పాస్తాతో కలపని ఖీమా సాస్‌ను పెట్టుకోవడమే మేలు. క్రీమ్ చీజ్ వేయకముందే తీసి, చల్లార్చి, జిప్ సంచిలో పల్చగా పరిచి గడ్డకట్టిస్తే రెండు మూడు నెలలు రుచి చెడదు, పలుచటి పలక కాబట్టి త్వరగా కరుగుతుంది. ఒకేసారి రెండింతలు ఖీమా వేయించి సగం ఇలా దాచుకుంటే, ఇంకో రాత్రి పాస్తా ఉడికేలోపే సాస్ వేడెక్కుతుంది.